పన్ను పంచాయితీ

పోయిన నెల ఈ శీర్షిక చివర "ఆదాయపు పన్ను న్యాయంగానే ఉందా?" అని ఊరికే ఒక మాట అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగం తిట్లే. కొందరు పన్నుని తిట్టారు, కొందరు ఎగ్గొట్టేవాళ్లని తిట్టారు. ముప్ఫై ఏళ్లు ఇతరుల లెక్కలు రాసి బతికినందుకు ఇద్దరు నన్నే తిట్టారు. మిగతా సగంలోంచి కొన్ని తీశాను. డబ్బు విషయం కదా, పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: ఈ ఏడాది జీతం పెరిగి పై స్లాబ్‌లో పడ్డాను. "పెరగకపోయినా బాగుండేది, ఇప్పుడు చేతికి ఇంకా తక్కువొస్తుంది" అని ఆఫీసులో అందరూ అంటున్నారు. పెంపు వద్దని రాసిచ్చేయనా? కష్టపడినవాడికి శిక్ష వేయడం ఏం న్యాయం?

జవాబు: తొందరపడి ఏదీ రాసివ్వకండి. ఇదే భయంతో మూడు నెలలు ఓవర్‌టైమ్ మానుకున్న ఒకాయన్ని నేను చూశాను. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ లెక్కే మీకూ చెబుతాను. మొదటి 1,000 మీద పన్ను లేదనుకోండి. తర్వాతి 1,000 మీద నూటికి 10, 2,000 దాటిన దాని మీద నూటికి 20. రూపాయలో డాలర్లో మీ ఇష్టం. మీ ఆదాయం 2,000 ఉన్నప్పుడు పన్ను 100. అది 2,100 అయితే ఆఫీసులో మీవాళ్లు మొత్తం 2,100 మీద నూటికి 20 పడుతుందనుకుంటున్నారు. పడదు. పెరిగిన 100 మీదే 20 పడుతుంది. పన్ను 120, చేతికి వచ్చేది 1,980. పోయినసారి వచ్చింది 1,900. పక్కపక్కన పెట్టిన బిందెల్లాంటివి స్లాబులు. ఒకటి నిండి పొర్లితేనే నీళ్లు రెండోదాంట్లోకి వెళ్తాయి. మొదటి బిందెలో నీళ్లని ఎవరూ ముట్టుకోరు.

అయితే మీవాళ్ల భయం పూర్తిగా గాలి కబురేమీ కాదు. స్లాబుతో చిక్కు లేదు గానీ, ఆదాయం ఫలానా గీత దాటగానే తగ్గిపోయే రాయితీలతో ఉంది. బ్రిటన్‌లో ఏడాది ఆదాయం 1,00,000 పౌండ్లు దాటితే, పన్ను లేకుండా వదిలే మొత్తం ప్రతి రెండు పౌండ్లకీ ఒకటి చొప్పున కరిగిపోతుంది. ఆ మొత్తం పూర్తిగా కరిగేది 1,25,140 దగ్గర. ఈ రెంటి మధ్యా సంపాదించే ప్రతి పౌండు మీదా నిజంగా పడే పన్ను నూటికి 60. చట్టంలో 60 శాతం స్లాబు ఎక్కడా కనిపించదు! కాబట్టి మీ దగ్గర చూసుకోవాల్సింది స్లాబుల పట్టిక కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రాయితీల షరతులు.

ప్రశ్న: సార్, నాది జీతం. డబ్బు చేతికి రాకముందే పన్ను కోసేస్తారు. మా బావమరిదిది వ్యాపారం. నాకంటే మూడింతలు బాగా బతుకుతాడు, నాకంటే తక్కువ కడతాడు. కలిసినప్పుడల్లా "నీకు లెక్కలు రావు బావా" అని నవ్వుతాడు. నేను చేసిన తప్పేంటి?

జవాబు: తప్పేమీ లేదు. మీరు కనబడుతున్నారు, అంతే.

జీతంలోంచి ముందే పన్ను కోసే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధంలో బలపడింది. యుద్ధానికి డబ్బు కావాలి, అదీ ఏడాది చివర కాదు, నెలనెలా కావాలి. అమెరికా 1943లో మొదలుపెట్టింది, బ్రిటన్ 1944లో. అమెరికాలో ఆ పథకం తయారుచేసినవాళ్లలో అప్పట్లో ట్రెజరీలో, అంటే అక్కడి ఆర్థిక శాఖలో, కుర్రాడిగా పనిచేసిన ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. తర్వాతి కాలంలో ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని జీవితమంతా వాదించినాయన. సర్కారు ఇంత సులువుగా ఇంత డబ్బు తీసుకోవడానికి తన చెయ్యి కూడా ఉందే అని ఆ పెద్దమనిషి తర్వాత బాధపడ్డాడు.

మనుషుల నిజాయితీ సంగతి కూడా వినండి. డెన్మార్క్‌లో ఆర్థికవేత్తలు పన్ను శాఖతో కలిసి సుమారు 40 వేల మంది లెక్కలు తీసుకుని, వాళ్లలో సగం మందిని యాదృచ్ఛికంగా ఎంచి తనిఖీ చేశారు. యజమానో, బ్యాంకో నేరుగా శాఖకి తెలియజేసే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా. ఎవరికి వారు రాసుకునే ఆదాయంలో మాత్రం గట్టిగానే కనబడింది. అంటే జీతగాళ్లు సత్యహరిశ్చంద్రులనీ, వ్యాపారులు దొంగలనీ కాదు. మన ఆదాయం గురించి ఇంకొకరు ముందే చెప్పేసిన చోట మనమందరం హరిశ్చంద్రులమే. నా సంగతే చూడండి. ఒక ఏడాది నా సొంత రిటర్న్‌లో బ్యాంకు వడ్డీ వేయడం మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను, నమ్మితే నమ్మండి. నోటీసు వచ్చింది. వడ్డీ మీద పన్ను, ఆలస్యానికి మళ్లీ ఇంకో వడ్డీ. బ్యాంకు చెప్పేసింది కదా!

మీ బావమరిది ఒక్క కాగితం కూడా దొంగలెక్క రాయకుండా మీకంటే తక్కువ కట్టగలడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న సంస్థలో పద్దులు రాసేవాణ్ణి. రిజిస్టరులో ఒకే పేజీలో పైన మా యజమాని కారు పెట్రోలు, డ్రైవరు జీతం, ఫోను బిల్లు, ఇంట్లో ఒక గది "ఆఫీసు" అని చెప్పి దానికి అద్దె. అన్నీ ఖర్చు పద్దులే. అదే పేజీ అడుగున నా జీతంలోంచి కోసిన పన్ను. ఆ కోత పద్దు కూడా నా చేత్తోనే రాసుకునేవాణ్ణి. నేనూ పనికి బస్సులోనే వచ్చేవాణ్ణి, నాకూ ఫోనుంది. కానీ నాకు వాటి తర్వాత మిగిలింది ఆదాయం కాదు, వాటికి ముందు వచ్చిందంతా ఆదాయం. వ్యాపారం మందగించిన ఒక ఏడాది, ఆయన కట్టినదానికంటే నేను కట్టింది ఎక్కువ. చట్టం ప్రకారం ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది.

బావమరిది తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఆయన ఉత్తరం రాస్తాడు. ఆయనకి సెలవు రోజు జీతం లేదు. నష్టం వచ్చిన ఏడాది ఆదుకునే యజమాని లేడు. ఖర్చు తీసేశాక మిగిలినదాని మీదే పన్ను వేయడం వ్యాపారానికి సరైన పద్ధతే. ఎంత ఖర్చు వ్యాపారానిది, ఎంత ఇంటిది అన్న గీత దగ్గరే అసలు పేచీ. రేటు పెంచితే ఆ గీత జరగదు. పెరిగిన రేటు ముందుగా మీ మీదే పడుతుంది, ఎందుకంటే మీ ఆదాయం మొత్తం లెక్కలో ఉంది. పన్నుల సంస్కరణ అని ఎవరైనా అంటే నేను రేట్ల పట్టిక తర్వాత చూస్తాను. దేన్ని ఆదాయం అంటున్నారు, దేన్ని వదిలేస్తున్నారు అన్నది ముందు చూస్తాను. ఈసారి బావమరిది నవ్వితే, నీ ఖర్చు పద్దులు నాకివ్వు, నా జీతం చీటీ నువ్వు తీసుకో అనండి.

ప్రశ్న: ఇన్ని స్లాబులెందుకు? ధనికుడికీ పేదకీ ఒకే రేటు పెడితే పోయె. లెక్క సులువు, అందరూ సమానం. ఎవరూ ఎందుకు చేయరు?

జవాబు: చేశారు. ఎస్టోనియా 1994లో అందరికీ 26 శాతం పెట్టింది. రష్యా 2001లో 13 శాతం, స్లొవేకియా 2004లో 19 శాతం. రష్యాలో వసూళ్లు పెరిగాయి. కానీ అదే సమయంలో చమురు ధరలూ జీతాలూ పెరిగాయి, నిఘా పద్ధతులూ మారాయి. ఒకే రేటుకి అందులో ఎంత పేరు ఇవ్వాలన్నది ఇంకా తెగని వాదన. స్లొవేకియా 2013లో రెండో రేటు తెచ్చింది. రష్యా 2021లో పై ఆదాయాలకి 15 శాతం పెట్టి, 2025 నుంచి ఏకంగా ఐదు మెట్లు కట్టింది.

సులువు సంగతికొస్తే, స్లాబుల లెక్క నాలుగో తరగతి పిల్లవాడు చేస్తాడు, పైన మనం చేశాం కదా. ముప్ఫై ఏళ్లలో స్లాబు లెక్క తెలియక నా దగ్గరికి వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లందరూ మినహాయింపుల కోసం వచ్చినవాళ్లే. ఫారం లావెక్కేది అక్కడ.

ఇంకో విషయం. ఒకే రేటులో కూడా మెట్లు దాగుంటాయి. మొదటి 1,000 వదిలేసి మిగతాదాని మీద నూటికి 20 వేయండి. 2,000 సంపాదించినవాడు 200 కడతాడు, అంటే తన మొత్తంలో నూటికి 10. 10,000 సంపాదించినవాడు 1,800 కడతాడు, నూటికి 18. ఆ మొదటి 1,000 కూడా వదలకపోతే "అందరూ సమానం" అన్న మాట నిజమవుతుంది. అప్పుడు ఒకడి ఇరవై మందుల డబ్బుల్లోంచి పోతుంది, ఇంకొకడి ఇరవై ఎందులోంచి పోయిందో వాడికే గుర్తుండదు. ఆ సమానత్వం నాకు రుచించదు.

నాకు నచ్చిన సంస్కరణ 1986లో అమెరికాలో జరిగింది. రీగన్ అధ్యక్షుడు, రెండు పార్టీలూ కలిశాయి. పై రేటుని 50 నుంచి 28కి దించారు. బదులుగా పన్ను తప్పించుకునే బోలెడు కంతలు పూడ్చారు, షేర్లు అమ్మితే వచ్చే లాభానికీ జీతానికీ ఒకటే రేటన్నారు. మంచి బేరం. ఎన్నాళ్లు నిలిచింది? 1993కల్లా పై రేటు 39.6 అయింది, 1997లో షేర్ల లాభం మీద పన్ను 20కి దిగింది. బేరం రెండు వైపులా విరిగింది. పూడ్చిన కంతని మళ్లీ తవ్వేవాడికి ఓపిక ఎక్కువ.

ప్రశ్న: కోటీశ్వరుల మీద 90 శాతం వేయండి. మాబోటివాళ్లని వదిలేయండి. ఇందులో ఆలోచించేదేముంది?

జవాబు: మీ కోపం నాకూ ఉంది. కానీ వేసి చూసిన చరిత్ర కూడా ఉంది. అమెరికాలో 1944లో పై రేటు 94 శాతం. భారత్‌లో 1973-74లో 85 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 15 శాతం సర్‌చార్జి, కలిపితే 97.75. పై మెట్టు మీదున్నవాడు ఇంకో 100 సంపాదిస్తే చేతిలో మిగిలేది 2 రూపాయల పావలా. పావలా కోసం ఎవడు పనిచేస్తాడు, ఎవడు నిజం రాస్తాడు? అంతకుముందే 1971లో, పన్నుల మీద ప్రభుత్వమే వేసిన వాంఛూ కమిటీ రేటు తగ్గించమని చెప్పింది, నల్లధనానికి ఈ రేట్లూ ఒక కారణమని. 1974-75లో 77కి దించారు.

స్వీడన్ కథ ఇంకా విడ్డూరం. పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌కి 1976లో తేలిన రేటు 102 శాతం! ఆదాయపు పన్ను, సొంతంగా పనిచేసేవాళ్లు కట్టాల్సిన సామాజిక రుసుములు కలిస్తే అంతయింది. ఆవిడ గొడవకి దిగలేదు, పత్రికకి ఒక వ్యంగ్య కథ రాసి పంపింది. ఆ ఏడాది ఎన్నికల్లో నలభై ఏళ్లకి పైగా ఏలుతున్న పార్టీ ఓడింది. కథ వల్లే ఓడిందని నేననను. కానీ కథని అందరూ చదివారు.

90 శాతం దెబ్బ తగిలేది పెద్ద జీతం తీసుకునే డాక్టరుకి, రచయిత్రికి. అసలు కుబేరుడికి జీతమే ఉండదు. ఆయన దగ్గర షేర్లుంటాయి. అవి ఏడాదిలో రెట్టింపైనా, అమ్మనంతవరకు చాలా దేశాల్లో అది ఆదాయం కాదు. ఖర్చులకి ఆ షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. అప్పు కూడా ఆదాయం కాదు. అమెరికాలోనైతే ఆయన పోయాక వారసులకి ఆ షేర్లు ఆ రోజు ధరకే కొన్నట్టు లెక్క, కాబట్టి అంతకుముందు పెరిగినదాని మీద ఆదాయపు పన్ను ఎప్పటికీ పడదు. సున్నా మీద 90 శాతం ఎంతో మీరే చెప్పండి.

ప్రశ్న: మా ఇల్లు నా భర్త ఒక్కరి జీతంతో నడుస్తుంది. పక్కింట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తారు, ఇద్దరిదీ కలిపితే మా అంతే వస్తుంది. వాళ్లకంటే మాకు పన్ను ఎక్కువ. ఇల్లు ఒకటే అయినప్పుడు లెక్క ఒకటే ఎందుకు కాదు?

జవాబు: అమ్మా, ఈ ఉత్తరాలన్నిట్లో కష్టమైన ప్రశ్న మీదే. పైన వేసిన స్లాబులతోనే చూద్దాం. మీ ఇంటికి 4,000 ఒక్క మనిషి పేరు మీద వస్తే పన్ను 500. పక్కింటికి 2,000, 2,000గా వస్తే తలా 100, మొత్తం 200. మీరన్నది నిజమే.

జర్మనీలో 1958 నుంచి ఒక పద్ధతి ఉంది. ఇద్దరి ఆదాయం కలిపి, రెండుగా చీల్చి, చెరిసగం మీద లెక్క కడతారు. అలా చేస్తే మీరూ 200 కడతారు. సమస్య తీరిందనిపిస్తుంది. ఇప్పుడు మీరు చిన్న ఉద్యోగంలో చేరి 1,000 తెచ్చారనుకోండి. విడివిడి లెక్కలో మీ 1,000 మీద పన్ను సున్నా. కలిపి చీల్చే లెక్కలో మొత్తం 5,000, తలా 2,500. ఒక్కొక్కరికి 200, మొత్తం 400. అంటే మీ మొదటి సంపాదనలోనే 200 పోయింది. ఇంటి నుంచి బయటికి అడుగుపెట్టే ఆడమనిషికి మొదటి రూపాయి మీదే భర్త పై రేటు పడుతుంది. స్వీడన్ 1971లో విడివిడి లెక్కకి మారింది కూడా ఇందుకే. బ్రిటన్‌లో 1990 దాకా భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంగానే చూసేవాళ్లు. దాన్ని ఎవరూ తిరిగి కోరుకోవడం లేదు.

ఎక్కువ ఆదాయానికి ఎక్కువ రేటు ఉండాలి, సమాన ఆదాయం ఉన్న ఇళ్లకి సమాన పన్ను ఉండాలి, పెళ్లి చేసుకున్నందుకు పన్ను మారకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరవు. ఏదో ఒకటి వదలాలి. నన్నడిగితే విడివిడి లెక్కే మంచిది. మీకు కోపం రావచ్చు. కానీ పక్కింటివాళ్లు పిల్లల్ని చూసుకోవడానికి, వంటకి ఎవరికో డబ్బిస్తున్నారు, అదీ పన్ను కట్టగా మిగిలిన డబ్బులోంచి. మీ ఇంట్లో ఆ పనంతా మీరు చేస్తున్నారు. దాని విలువ ఏ ఫారంలోనూ లేదు, దాని మీద పన్నూ లేదు. మీ శ్రమని లెక్కించకపోవడం అన్యాయమే. మీ కుటుంబానికి అదే కొంత రాయితీ కూడా.

ప్రశ్న: ఆదాయపు పన్ను ఎత్తేసి, కొన్న వస్తువుల మీదే పన్ను వేస్తే ఎగవేత ఉండదు కదా?

జవాబు: ఎగవేత తగ్గుతుందేమో, భారం మాత్రం దిశ మారుతుంది. 100 వచ్చేవాడు 100 ఖర్చు పెడతాడు, 1,000 వచ్చేవాడు 400. ఖర్చు మీద నూటికి 20 వేస్తే మొదటివాడి ఆదాయంలో 20 శాతం పోతుంది, రెండోవాడిది 8. అమెరికాలో ఇలాంటి బిల్లు ఒకటి ఏళ్ల తరబడి చట్టసభ ముందుకు వస్తూనే ఉంది. అందులో పేదల కోసం నెలనెలా కొంత తిరిగిచ్చే ఏర్పాటు కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ ఆ బిల్లు చెప్పే 23 శాతం చూడండి. 77 వస్తువు మీద 23 పన్ను వేసి 100కి అమ్మితే, ఆ వందలో 23 శాతమే, నిజం. 77 మీద 23 అంటే మాత్రం దాదాపు 30 శాతం. అంకెల్ని ఇలా పడుకోబెట్టి చూపించేవాళ్ల దగ్గర జేబు తడుముకోవడం మంచిది.

ఖర్చు మీద నేరుగా పన్ను వేయడాన్ని భారత్ కూడా బ్రిటన్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ సలహాతో ప్రయత్నించింది. 1958లో తెచ్చి, 1962లో తీసి, 1964లో మళ్లీ తెచ్చి, 1966లో మళ్లీ తీసేసింది.

ప్రశ్న: రేటు మారలేదు, స్లాబు మారలేదు. అయినా నా పన్ను పెరుగుతోంది. ఎలా?

జవాబు: ధరలు పెరిగాయి, వాటి వెనకే జీతం పెరిగింది, స్లాబు గీతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మీరు కొనగలిగేది పాతదే, కట్టేది కొత్తది. చట్టసభలో ఎవరూ చెయ్యెత్తకుండానే పెరిగే పన్ను ఇది. కెనడా 1974లో, అమెరికా 1985లో స్లాబుల్ని ధరల సూచీకి కట్టేశాయి. బ్రిటన్ 2021 నుంచి తన గీతల్ని గడ్డకట్టించింది. "రేటు పెంచలేదు" అనే మంత్రిని "గీత జరిపారా?" అని అడగండి.

ప్రశ్న: నాకు పద్నాలుగేళ్లు. ఆదాయపు పన్ను ఎవరు కనిపెట్టారు? ఎప్పుడు తీసేస్తారు?

జవాబు: బాబూ, ఇప్పుడు మనం చూసే రూపానికి మూలం బ్రిటన్‌లో ఉంది. నెపోలియన్ కాలపు యుద్ధాల ఖర్చుకి అక్కడి ప్రధాని విలియం పిట్ 1799లో తెచ్చాడు. 200 పౌండ్లు దాటితే నూటికి 10. 1802లో శాంతి ఒప్పందం కుదిరింది, తీసేశారు. మరుసటి ఏడాదే యుద్ధం మళ్లీ వచ్చింది, పన్నూ మళ్లీ వచ్చింది. 1816లో మళ్లీ తీసేశారు. జనానికి దాని మీద ఎంత కసి అంటే, పాత లెక్కల కాగితాలన్నీ నాశనం చేయమని పార్లమెంటు తీర్మానించింది. కాగితాలు తగలబెట్టారు. నకళ్లు మాత్రం ఇంకో కార్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆఫీసుల సంగతి నీకు ముందు ముందు తెలుస్తుంది.

1842లో రాబర్ట్ పీల్ మూడేళ్ల కోసమని చెప్పి మళ్లీ పెట్టాడు. ఆ మూడేళ్లు ఇంకా నడుస్తున్నాయి. అక్కడి చట్టం ప్రకారం ఆదాయపు పన్ను ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 5తో ముగిసిపోతుంది, ఏటా కొత్తగా పొడిగిస్తారు. కాబట్టి నీ రెండో ప్రశ్నకి, కనీసం బ్రిటన్ వరకు, జవాబు: వచ్చే ఏప్రిల్ 5న.